బాకీ ఇంటికి తలంబ్రాలు

ఆ రోజుల్లో నాకు జీతం తక్కువ, అసూయ ఎక్కువ. సారపాకలో ఒక చిన్న ఫైనాన్స్ కంపెనీకి నేనూ, బెల్లం అనే ఇంకో కుర్రాడూ ఊళ్ళమ్మట తిరిగి బాకీలు వసూలు చేసేవాళ్ళం. (బెల్లం వాడి అసలు పేరు కాదు. మాట తియ్యగా ఉంటుందని ఆఫీసులో పెట్టారు. నాకు ఏ పేరూ పెట్టలేదు, అదొక మంట.) నా బండి చప్పుడు వింటే తలుపులు మూసుకునేవి. వాడు వెళితే మంచం వాల్చి, చాయ్ పోసి, ఆఖరికి కిస్తీ కూడా కట్టేవారు. మా ఇద్దరిలో ఒక్కరినే పర్మినెంట్ చేస్తామని మేనేజర్ సారు చెప్పినప్పటి నుంచీ వాడు నవ్వితే చాలు, నా కడుపులో కారం పోసినట్టుండేది.

వాడి కిటుకేమిటో చూద్దామని ఒకరోజు వెనకాలే వెళ్ళాను. వాడు బాకీ ఊసే ఎత్తలేదు. భద్రాచలంలో నవమికి తెచ్చి దాచుకున్న తలంబ్రాల పొట్లం ఒకటి తీసి, "రాములోరియి అమ్మా, దేవుని కాడ పెట్టుండ్రి" అని ఇంటామె చేతిలో పెట్టి, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. పెళ్ళికెదిగిన పిల్లలున్న ఇల్లు. రాములవారి తలంబ్రాలు తెచ్చినవాణ్ణి ఉత్త చేతులతో ఎవరు పంపుతారు? ఓస్ ఇంతేనా, ఈ మాత్రం నాకు చేతకాదా అనుకున్నాను.

పర్ణశాల దారిలో ఒక మిర్చి రైతు ఇల్లుంది. ధర పడిపోయి చాలాకాలంగా కిస్తీ కట్టడం లేదు. ఆ బాకీ ఎవరు తెస్తే ఉద్యోగం వాళ్ళదేనని మేనేజర్ సారు తేల్చేశారు. బెల్లం కంటే ముందే తెల్లచొక్కా వేసుకుని బయల్దేరాను. జేబులో మా అమ్మ ఇచ్చిన పొట్లం ఉంది. (నా పెళ్ళి తొందరగా కావాలని ఇచ్చింది పాపం.)

ఇంటామె పొట్లం కళ్ళకద్దుకుని, "ఎవరు పంపిన్రు సారూ?" అంది. "మా అమ్మ" అన్నాను, నిజమే కదా. ఆమె ముఖం వెలిగింది. "మీ ఇంటిపేరేంది? నాయిన ఏం జేస్తడు?" ఇంటిపేరు చెప్పాను. నాయన బొగ్గుబావిలో పని అని కూడా గొప్పగా చెప్పాను. నా మాటల్లోనూ బెల్లం ఊరుతోందని పొంగిపోయాను. "బిడ్డా, సారుకు జర చాయ్ పట్టుకరా" అని ఆమె లోపలికి కేకేసింది. అప్పుడే తల దువ్వుకున్న అమ్మాయి చాయ్ తెచ్చి, నన్ను ఒకసారి చూసి తల దించుకుంది. పెళ్ళికాని కుర్రాడి తల్లి తలంబ్రాలు పంపిందంటే వాళ్ళు ఏమనుకున్నారో అప్పటికి గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు.

సరిగ్గా అప్పుడే బెల్లం దిగాడు. రైతు లోపలి నుంచి దాచుకున్న డబ్బు తెచ్చి, నన్ను దాటుకుంటూ వెళ్ళి వాడి చేతిలో పెట్టాడు. నా ప్రాణం చివుక్కుమంది. "పెద్దాయనా, ముందుగాల వచ్చింది నేను గదా!" అని అరిచాను.

"గట్లెట్లయితది సారూ? రేపు మా ఇంటికి అల్లుడు కావాల్సినోళ్ళు. మీ ముందర బాకీ ఉంచుకోవద్దనే కడుతున్న. మీ చేతికి బాకీ పైసలిస్తే మా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు రైతు.

ఉద్యోగం బెల్లానిదే అయింది. నెలరోజులు వాణ్ణి తిట్టుకుంటూ అన్నం సయించక తిరిగాను. ఈలోగా సంగతి విన్న మా అమ్మే వెళ్ళి ఆ సంబంధం ఖాయం చేసుకొచ్చింది.

బెల్లం ఇప్పుడు మేనేజరు. పెళ్ళి మాత్రం కాలేదు. అటుగా వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే భోంచేస్తాడు. మొన్న మా ఆవిడ నాకు రెండోసారి పప్పు వడ్డిస్తుంటే అలాగే చూస్తూ, "అన్నా, గన్ని ఇండ్లల్ల తలంబ్రాలు పంచిన. ఒక్కరన్న నా ఇంటిపేరు అడగలే" అన్నాడు.

పప్పు గిన్నె వాడి వైపు జరిపాను. ఆ రోజు చాయ్ చల్లారిపోతున్నా, పక్కనే ఎవరు నిలబడ్డారో పట్టకుండా, వాడి చేతిలోని డబ్బు వైపే చూస్తూ మండిపోయిన తెల్లచొక్కా కుర్రాడు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.