వెచ్చని వడ్లలో అమ్మ చేతులు

సాగర్ నీళ్లొచ్చిన కొత్తలో మిర్యాలగూడలో మాకు బియ్యం మిల్లు ఉండేది. తెల్లవారుతూనే ఉప్పుడు బియ్యం కోసం ఉడికించిన వడ్లను గచ్చు మీద పోసేవాళ్లు. ఆవిరి పొగమంచులా లేచి వాకిలంతా కమ్మేసేది. అందులోంచి అమ్మ మెల్లగా నడిచొచ్చి, కుప్ప పక్కన కూర్చుని, మణికట్ల దాకా చేతులు వడ్లలో దూర్చి కళ్లు మూసుకునేది. పొద్దున లేచేసరికి ఆమె వేళ్లు వాచి, కర్రల్లా బిగుసుకుపోయి ఉండేవి. వడ్ల వేడికి కాసేపట్లో కదిలేవి.

"సూడు బిడ్డా, మంచిగయినయ్," అని నవ్వి నాకు జడ వేసేది. ఆ చేతుల ఉడుకు వడ్ల వాసన ఇప్పటికీ నా కలల్లోకి వస్తుంది.

నాన్న దవాఖాన మాటెత్తితే నానమ్మ కసిరేది: "ఇంట్ల ఇన్ని వడ్లుండంగ దవాఖాన ఎందుకురా?"

వేళ్లు ఓ పక్కకు ఒరిగిపోయాక గానీ అమ్మను హైదరాబాదు తీసుకుపోలేదు. అక్కడి డాక్టరు ఆ చేతులు పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్లను తినేస్తోందమ్మా. వేడికి నొప్పి తగ్గింది గానీ రోగం ఆగలేదు. వాపు మొదలైనప్పుడే గట్టి మందు పడితే ఈ వేళ్లు దక్కేవి," అన్నాడు.

ఆ జబ్బుకు అప్పట్లో ఇచ్చే, బంగారం కలిపిన సూదిమందులు రాశాడు. అప్పుడే వాపు మొదలైన మోకాళ్లు వాటితో నెలల మీద దక్కాయి. వేళ్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఆ వడ్ల మీద నాకింకా కోపమే.

ఆ డాక్టరుకు చూపించి ఊరికి తిరిగొచ్చిన మర్నాడు ఆవిరి ఎప్పటిలాగే లేచింది. అమ్మ కుప్ప దగ్గరికి పోలేదు. దువ్వెన నా చేతికిచ్చి, నా ముందు వీపు తిప్పి కూర్చుంది.