చేటలో వాన

కూర్చో. గోడకు ఆనుకొని కాదు, నా ఎదురుగా కూర్చో. ఆ ఫోను మధ్యలో పెట్టు, నా మాట పడాల కదా. సగం విని మెసేజీలు చూసుకునేటట్టయితే నేను చెప్పను. నువ్వు నేలల చదువు చదువుతాండావు. తొండూరు దిక్కు చేలల్లో వానకు మట్టి ఎంత కొట్టుకుపోతాదో చూసేదానికి మీ కాలేజీ వాళ్ళతో పోయొచ్చినావు. వచ్చి నన్ను అడిగితివి, ఆ చేలల్లో గులకరాళ్ళను ఏరకుండా అట్లనే ఎందుకు వదిలేస్తారు జేజీ అని. నాకు ఆ సంగతి నోటితో ఎవరూ చెప్పలేదు. చూపించినాయన ఒకాయన ఉండె. విను.

నా చిన్నప్పుడు మేము తొండూరు దగ్గర మా అబ్బ ఇంట్లోనే ఉండేవాళ్ళం. అబ్బ అంటే మా అమ్మను కన్న తండ్రి. ఆయనకు మగపిల్లలు లేరు. అందుకని పెద్దముడియం వైపు నుంచి మా నాయనను ఇల్లరికం తెచ్చుకున్నాడు. ఇల్లరికం అల్లుడి బతుకు ఎట్లా ఉంటుందో నీకు తెలియదు. తిండికీ గుడ్డకూ లోటుండదు. కానీ రచ్చబండ మీద ఎవరు నవ్వినా తనను చూసే నవ్వారేమో అనిపిస్తుంది. మా నాయనకు ఆ గుణం ఇంకా ఎక్కువ. అవ్వ ఎంత బతిమాలినా రెండోసారి అన్నం పెట్టించుకునేవాడు కాదు.

ఆయన పుట్టి పెరిగింది రేగడి నేలలో. ఆ నల్లమట్టిలో కాకిని తోలడానికి గులకరాయి కూడా దొరకదు. వానకు మట్టి కాళ్ళకు చెప్పుల్లాగా అంటుకొని వస్తుంది, ఎండకు కాలు దూరేంత పగుళ్ళిస్తుంది. అట్లాంటి నేల చూసిన కళ్ళకు మా ఎర్రచేను ఎట్లా కనబడి ఉంటుందో చూడు. ఏటవాలు నేల, మీదంతా గులకరాళ్ళు. బియ్యంలో రాళ్ళున్నట్టు కాదు, రాళ్ళలో బియ్యమున్నట్టు. మా వాళ్ళకు ఏరుకోవడానికి కూడా ఒళ్ళు వంగదనుకొని ఉంటాడు, పాపం.

ఆ యేడు ఎండాకాలంలో అబ్బ చేను మా నాయన చేతికి అప్పగించాడు. ఇంక నువ్వే చూసుకో అల్లుడా అన్నాడు, అంతే. మా నాయన ఇంట్లోకి వచ్చి అమ్మతో అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"ఈ పంట నా చేతి మీద రావాల. రాకపోతే ఈ ఊర్లో నేను తలెత్తుకొని తిరగలేను. మా ఊరికి పోదాం."

నేను వాకిట్లో పిల్లిని ఆడిస్తూ విన్నాను. పెద్దముడియం మీద నాకేం కోపం లేదు. కానీ అక్కడ మా అబ్బ ఉండడు. పొద్దున్నే చద్దిలో మజ్జిగ పోసుకొని మొదటి ముద్ద నా నోట్లో పెట్టే చెయ్యి అక్కడ ఉండదు. ఆ రోజు నుంచి ఆ చేను పండాలని నేను కనబడిన దేవుడికల్లా మొక్కేదాన్ని, కనబడిన ప్రతి మబ్బునూ అబ్బకు చూపించేదాన్ని.

మా నాయన చేసిన పని ఏమిటంటే, రాళ్ళు ఏరడం. పెద్ద గుండ్లను గట్టు మీదికి చేర్చడం అందరూ చేసేదే. ఈయన గులకరాళ్ళను కూడా వదల్లేదు. ఎండలో గంపలు గంపలు ఎత్తి చేను మూల కుప్పపోశాడు. సగం చేను కొత్తగా అలికిన వాకిలి మాదిరి తయారైంది. పక్క చేను మామ, మా అమ్మకు వరసకు అన్న, గట్టు మీద నిలబడి ఎకసెక్కం ఆడేవాడు.

"ఏం బావా, చేనును అద్దం చేస్తాండావు. మొగం చూసుకునేదానికా?"

ఓర్వలేక అంటున్నాడనుకొని మా నాయన ఇంకో గంప ఎక్కువ ఎత్తేవాడు.

అబ్బ ఒకసారి చేను దాకా పోయి చూసి, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అవ్వ ఆయనకు చెంబు అందిస్తూ, "చెప్పకూడదా ఆయప్పకు?" అని గొణిగింది.

"ఎట్ల చెప్పేది? చెయ్యి పట్టుకొని ఇంటికి తెచ్చుకున్న మనిషి. నీకు తెలీదని నేనంటే, పోతాడు."

కాసేపటికి అబ్బ అటక మీదనుంచి రెండు పాత చేటలు దించాడు. పేడతో అలికి ఎండబెట్టాడు. ఏరేసిన చేనులోని మట్టి తెప్పించి రెండింట్లోనూ పరిచి, చెరొక గుప్పెడు కొర్రలు చల్లాడు. ఒకదానిలో మట్టి మీద గులకరాళ్ళు పేర్చాడు, ఇంకొకదాన్ని నున్నగా వదిలేశాడు. అరుగు మెట్ల మీద రెండు చేటలనూ కొంచెం వాలుగా పెట్టి, మూతుల కింద చెరొక గిన్నె పెట్టాడు. ఆ మెట్ల దగ్గరే మా నాయన చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేది.

నా చేతికి జల్లెడ ఇచ్చి, పైనుంచి నీళ్ళు పోశాడు. "అమ్మీ, నువ్వే వాన. వాన మాదిరి రా, కడవ బోర్లించినట్టు రావొద్దు."

నాకు అంతకంటే ఏం కావాలి. పైట లేకపోయినా కొంగు బిగించినట్టు నిలబడి, ఉరుములు కూడా నేనే ఉరిమాను. నున్నటి చేట మీద నీళ్ళు పడ్డాయో లేదో, మట్టి చిమ్మి, ఎర్రటి నీళ్ళు గిన్నెలోకి దిగాయి. రాళ్ళున్న చేట నీళ్ళను చాలాసేపు తాగింది. తర్వాత కారినవి తేటగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మా నాయన వచ్చాడు. రెండు గిన్నెలనూ చూశాడు. కాళ్ళు కడుక్కోకుండానే లోపలికి పోయాడు.

లోపల అమ్మ మీద కేకలేశాడు. "మీ నాయన నాతో ఆటలాడతాండాడా? ఏదో నోటితో చెప్తే పోలా?"

మా అమ్మ ఎప్పుడూ ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంది. "నోటితో చెప్పింటే నువ్వుంటాంటివా ఈ ఇంట్లో?"

అరుగు మీద అబ్బకు వినబడే ఉంటుంది. ఆయన ఏమీ విననట్టు నా జడ విప్పి మళ్ళీ అల్లుతూ కూర్చున్నాడు. ఆయనకు జడ అల్లడం రాదు.

చేటలను అక్కడినుంచి తీయలేదు. నేను సాయంత్రం సాయంత్రం వానై వచ్చేదాన్ని. నున్నటి చేటలో మట్టి ఎండకు అప్పడంలాగా పెచ్చు కట్టింది. కింద కొర్రలు మొలిచినా ఆ పెచ్చును పగలగొట్టుకొని పైకి రాలేకపోయాయి. రెండో చేటలో రాళ్ళ సందుల్లోనుంచి పచ్చగా తలలు బయటికి పెట్టాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, నేను గడప మీద పడుకొని నిద్ర నటిస్తూ ఉంటే, మా నాయన మెట్ల మీద గొంతుక్కూర్చొని ఒక గులకరాయిని ఎత్తి, దాని కింద వేలు పెట్టి చూసుకున్నాడు. ఆ వేలిని అట్లాగే చాలాసేపు చూసుకున్నాడు. తడి అంటి ఉంటుంది.

మరుసటి రోజు పొద్దున్నే ఆయన గంప తీసుకొని ఒక్కడే చేనికి పోయాడు. వెనకనే అబ్బ ఇంకో గంప తీసుకొని బయల్దేరాడు, ఆయన వెనక నేను. మా నాయన మూలన పోసిన కుప్పను తవ్వి, రాళ్ళను మళ్ళీ చేనంతా చల్లుతున్నాడు. పక్క చేను మామ ఊరుకుంటాడా. వాళ్ళ కూలీలు కూడా వింటుండగా గట్టు మీదికి వచ్చాడు.

"ఏంది బావా, మొన్న ఏరితివి, ఈపొద్దు చల్తాండావు. మీ రేగడోళ్ళ సేద్యం ఇంతేనా?"

మా నాయన చేతిలో గంప ఆగిపోయింది. ఇంక ఇంటికి పోయి మూట కట్టమంటాడని అనుకున్నాను. అబ్బ మాత్రం తాపీగా తన గంపలో రాళ్ళు చల్లుతూనే, తల ఎత్తకుండా అన్నాడు.

"ఏరమన్నది నేనేరా. ముసలితనం, బుద్ధి తక్కువై చెప్తి. అల్లుడు వద్దన్నా వినకపోతి. ఇప్పుడు నా తప్పు ఆయన దిద్దుతాండాడు."

ఆ మామ గట్టు దిగిపోయాడు. మా నాయన నడిచి వచ్చి అబ్బ చేతిలోని గంప తీసుకొని తన దాని మీద పెట్టుకున్నాడు. నీడకు పో మామా అన్నాడు. అంతే. మెత్తగా ఆయన గొంతు వినడం నాకు అదే మొదలు.

రాళ్ళన్నీ చల్లకముందే వాన వచ్చింది. దిగువన ఒక పట్టె నేల నున్నగానే మిగిలిపోయింది. నీళ్ళు ఆ పట్టెను గోళ్ళతో గీరినట్టు గీరి, మట్టిని వంకలోకి తోసుకుపోయాయి. అబ్బ, నాయన ఒకే గోనెపట్ట కింద నిలబడి చూశారు. నేను వాళ్ళిద్దరి కాళ్ళ మధ్య ఉన్నాను.

"పోతాంది మామా."

"పోనీలే. ఉండేది శానా ఉంది."

ఆ పట్టెలో శనక్కాయ చెట్టు చాలా యేళ్ళు జానెడుకు మించి ఎదగలేదు. మిగతా చేను మాత్రం పండింది. మా ఊరికి పోదాం అనే మాట మళ్ళీ మా ఇంట్లో వినబడలేదు. ముసలితనంలో అబ్బకు నోట్లో ముద్ద పెట్టింది మా నాయనే.

ఇప్పుడు ఆ చేను మనది కాదులే. నేను ప్రొద్దుటూరు కోడలినై వచ్చేశాను, వాళ్ళు ఒకరి వెనక ఒకరు పోయారు, చేను చేతులు మారింది. జేసీబీ పెట్టి చదును చేసి చీనీ పండ్ల చెట్లు నాటారు. మొన్న పులివెందుల పెళ్ళికి పోతూ మీ నాయనతో కారు ఆపించాను. గట్టు మీద నిలబడి చూస్తే నాకు ఏ మూల ఏదో తెలియలేదు. చెట్లు బాగానే ఉన్నాయి, వాళ్ళ కష్టం వాళ్ళది. నాకు కావలసింది చెట్లు కాదు. వాన వెలిసిన తర్వాత ఒక గులకరాయిని ఎత్తితే కింద నుంచి వచ్చే చల్లటి వాసన. ఆ వాసన మా అబ్బ పైపంచెలో కూడా ఉండేది. ఇప్పుడు యాడ పోయి వెతుక్కోను చెప్పు.

ఎవరన్నా పొరపాటు చేస్తుంటే నాకు వెంటనే నోరు లేస్తుంది, నీకు తెలుసు కదా నా సంగతి. కానీ ఆ మనిషి మన ఇంటికి కొత్తగా వచ్చిన మనిషైతే నోరు దానంతట అదే ఆగిపోతుంది. మీ అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో సంగటి గెలికితే అన్నీ గడ్డలే. నేను గడ్డలున్నాయని ఒక్కరోజూ అనలేదు. నా మోకాళ్ళ నొప్పికి పొయ్యి వెచ్చదనం కావాలని చెప్పి, తనకు కనబడేట్టు కూర్చొని, పక్క పొయ్యి మీద నాది నేను గెలుక్కునేదాన్ని. ఆమె చూసిందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఈ మధ్య ఒకటే అనిపిస్తాంది. మా నాయనకు అబ్బ చేటలు పరిచినాడని నాకు తెలుసు, నేను చూసినా కాబట్టి. మరి నాకెన్ని పరిచినాడో. ఆట అనుకొని నేను ఆడుకున్న వాటిలో, కథ అనుకొని నిద్రపోయిన వాటిలో, ఆయన నా కోసం పెట్టినవి ఎన్ని ఉండెనో. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. ఉండింటే ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకొని...

"అత్తా, సంగటి ఆరిపోతాంది. ముద్ద తిని చెప్పుకుందురు, లేయండి."

వస్తాండా. ఏం ఆరిపోదులే, నువ్వు చేసిన సంగటి రెండు గంటలైనా మెత్తగానే ఉంటాది. ఈ పిల్లకు ఒక్క మాట చెప్పి వస్తా. అదే, ఆ చెయ్యి పట్టుకొని, అబ్బా, నాకు నువ్వు ఎన్ని చేటలు పరిచినావని...