లోపలే ఉండిపోయిన బిళ్ళ

బంగారు గనుల ఊరు కోరమండల్‌లో మా పక్కింటి మామ గనిలోకి దిగేముందు గేటు దగ్గర తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, పైకొచ్చాక తిరిగి తీసుకునేవాడు. అందుకే ఎవరికేమిచ్చినా అది తిరిగొచ్చేదాకా చాచిన చెయ్యి ముడిచేవాడు కాదు.

గనులు మూతపడ్డాక ఇద్దరం గల్ఫ్‌కి పోయాం. జీతానికి బ్యాంకు ఖాతాలు తెరవాలని సూపర్‌వైజరు మా పాస్‌పోర్టులు తీసుకున్నాడు. మన తెలుగువాడే! ఖాతాలైతే తెరిచాడు గాని, పాస్‌పోర్టులూ ఏటీఎం కార్డులూ తన బీరువాలోనే పెట్టుకున్నాడు. మిగతా కూలీలమంతా తల వంచుకుని పనిలోకి పోయాం. మామ ఒక్కడే చెయ్యి చాచాడు.

"నావి నాకియ్యప్పా."

"నా దగ్గర భద్రంగానే ఉన్నాయి కదయ్యా!"

"మా గనిలో బిళ్ళ చేతికి వాపసు రాలేదంటే మనిషి లోపలే ఉండాడని లెక్క. నేనింగా లోపలే ఉండానా?"

అవి ఆయన చేతిలో పడేసి, మర్నాడే పనిలోంచి తీసేసి ఇంటికి పంపేశారు. తన కార్డు తను అడగడం నేరమా?

మామ పైకొచ్చేశాడు. తల వంచుకున్న మేమే ఇంకో నాలుగేళ్ళు లోపల ఉన్నాం.