శుక్రవారం అలికిన పొయ్యి

మా మేనత్త పోయింది. తమిళనాట ఉన్న మా ఊరు పాపిరెడ్డిపట్టి నుంచి చిన్నాన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను బస్సులో నిలబడి ఉన్నాను. ఏడవడానికి కూడా చోటు లేదు.

ఆమె ఎవరో మీకు తెలియదు. మా ఊరి పక్కనున్న కోటమేడు, అదే, పాత కోట దిబ్బ గురించి మాత్రం పేపర్లో చదివే ఉంటారు. తవ్వకాల్లో మట్టిగోడ బయటపడిందనీ, లోపల ఇళ్ల పునాదులు, పూసలు, కుండలు దొరికాయనీ రాశారు. అక్కడ మట్టి తట్టలు మోసిన ఆడవాళ్లలో మా అత్త ఒకరు. పేరుకు కూలిపనే గానీ, పుట్టింటికి పోయినట్టు పోయేది.

చిన్నప్పుడు ఆమె మేకలు మేపింది ఆ దిబ్బ మీదే. "కింద ఎవరో ఉండారే" అనేది. నేను నవ్వితే, "నగు, నగు. నీ కాళ్ల కిందనే ఉండారు" అనేది.

ఒకరోజు గోడ లోపలి గుంతలో పొయ్యి ఒకటి తేలింది, పక్కనే పగిలిన కుండతో సహా. మర్నాడు శుక్రవారం. మా అత్త అందరికంటే ముందు పోయి, ఆ పొయ్యిని పేడనీళ్లతో అలికి ముగ్గు పెట్టేసింది! తవ్వకాలు చూసే మేడమ్ తల పట్టుకుంది. కుండ జోలికి పోనందుకు బతికిపోయాం.

"శుక్రవారం పొయ్యి అలకకుండా ఎట్ల వదిలేది? ఎన్నాళ్లుగా పాడుపడి ఉందో పాపం" అని ఇంటికొచ్చి మాతో వాదన. అక్కడ అందరితో తమిళమే మాట్లాడే మనిషి, ఆ పొయ్యితో మాత్రం తెలుగులో మాట్లాడిందని తోటివాళ్లు చెప్పి నవ్వారు. "ఏం వండినావమ్మా, కొంచెం చెప్పరాదా?" అందట.

కుండ అడుగున మాడిన గింజలున్నాయనీ, పరీక్షకు పంపారనీ తెలిశాక ఆమెకు అదే ధ్యాస. జ్వరంతో మంచాన పడ్డాక కూడా ఫోన్లో మొదటి మాట అదే.

"మేడమ్మ చెప్పిందా? ఏం గింజలంట?"

"ఇంకా లేదత్తా."

"వండింది ఏందో తెలీకుండా పొయ్యికాడ నుంచి ఎట్ల లేచేది?" అని నవ్వేది. నాకు ఆ నవ్వు మళ్లీ వినాలని ఉంది.

కర్మ అయిపోయాక మేడమ్ ఇంటికి వచ్చింది. ఉలవలట. మా అత్త ఏ కాలంలోనైనా వారానికోసారి ఉడకేసే ఉలవలే. ఆ మాట చెప్పి మేడమ్ కూడా కళ్లు తుడుచుకుంది.

శుక్రవారం పొద్దున పెరట్లో ఆమె కట్టెల పొయ్యి అలికి, ముగ్గు పెట్టి, ఉలవలు ఉడకేశాను. వాసన ఇల్లంతా పట్టింది. వంగి మంట ఎగదోస్తూ మెల్లగా చెప్పాను.

"ఉలవలే అత్తా."