లోపలోళ్లని అడిగి వెళ్లే అప్ప

మా పక్కింటి అప్ప పోయింది. సోమవారం సాయంత్రం విస్తళ్లకి అడ్డాకులు కుడుతూ కుడుతూనే గోడకి ఒరిగిపోయిందట. మా వైపు అక్కని అప్ప అంటాం. నా తోడబుట్టింది కాదు, అయినా ఈ నర్సీపట్నంలో నేను నోరారా అప్పా అని పిలిచింది ఆవిణ్ణొక్కదాన్నే. కబురు తెచ్చిన మా ఆయన, "బేగి రా, ఆ ఇంట్లోకి ఒక్కణ్ణీ ఎల్లనేను" అన్నాడు. ఏడుస్తూనే లేచాను. ఆయన భయం ఎందుకో మీకు చెప్పాలి.

అప్పది ఏజెన్సీలో కొండమీద ఊరు. చిన్నప్పుడే పని ఇప్పిస్తామని ఎవరో ఢిల్లీ తీసుకెళ్లి ఒక పెద్ద ఇంట్లో వదిలేశారు. జీతం లేదు, బయట తాళం. జుట్టు నెరిసేదాకా ఆ గోడల మధ్యే అంట్లు తోమింది. చివరికి ఎవరో ఫిర్యాదు చేస్తే ఆఫీసర్లు వచ్చి విడిపించారు. ఆ వీధిలోనే అలాంటివాళ్లు ఇంకొందరు దొరికారట. అందర్నీ రైలెక్కించి ఎవరి ఊరికి వాళ్లని పంపేశారు.

"ఎల్లిపొమ్మన్నారు గానీ, ఎలా ఎల్లాలో ఎవులు నేర్పేరే?" అనేది.

కొండమీద తనవాళ్లెవరూ మిగల్లేదు. విస్తళ్లు కుట్టుకుంటూ మా పక్క గదిలో అద్దెకి చేరింది. చేరగానే వడ్రంగిని పిలిచి వీధి తలుపు ఊడదీయించింది. ఇంటాయన లబోదిబోమన్నాడు. "తలుపుంటే ఊపిరాడదు బాబూ" అని పాత చీర తెరగా కట్టుకుంది.

అంతటి మనిషి, తలుపే లేని ఆ గుమ్మం దాటడానికి రోజూ అడిగేది. సంచీ భుజాన వేసుకుని, గడప లోపల నిలబడి, వెనక్కి తిరిగి, ఖాళీ గదిని అడిగేది. "ఎల్లొచ్చా అండీ?"

చెవి ఒగ్గి వినేది. ఒక్కోసారి తలూపి బయటికి వచ్చేది. ఒక్కోసారి ముఖం చిన్నబుచ్చుకుని సంచీ దించేసేది. "ఈయాల వద్దంటన్నారు."

బాబోయ్, మొదట్లో నాకెంత కోపమొచ్చేదో! ఒకరోజు గుమ్మంలో నిలబడి అరిచాను. "ఎల్లప్పా, నేను సెప్తన్నాను, ఎల్లు!"

ఆవిడ నవ్వింది. "నువ్వు బయటిదానివి కదే. లోపలోల్లు సెప్పాల."

"లోపల ఎవులున్నారప్పా?"

"నాతోటే వచ్చీసేరు."

ఈనెపుల్ల చీలుస్తూ, కూర సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. ఢిల్లీలో ఆఫీసర్ల వ్యాన్ ఎక్కుతుంటే ఆ పెద్ద ఇంటావిడ మేడమీంచి అడిగిందట, పెద్ద గిన్నె ఎక్కడ పెట్టావని. తన వంటింట్లో ఏది ఎక్కడుందో ఆ మహాతల్లికి తెలియదు. అప్ప నోరు తెరిచేలోగా వ్యాన్ తలుపు వేసేశారు.

"సెప్పకుండా వచ్చీసేను. అందుకే ఇడిసిపెట్టట్నేదు."

ఆవిడకి ఉన్న కోరిక ఒక్కటే. ఎవర్నీ అడక్కుండా ఒక్కసారి ఉపమాక వెళ్లి వెంకన్నని చూసి రావాలని. బస్సుకి వేళయ్యేది, కొత్త చీర కట్టేది, గడప దగ్గర ఆగిపోయేది. "అడక్కుండా రా అప్పా" అని చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకునేది. చీర మడతపెట్టేసి, నాకు తన కుట్టులో అన్నిటికన్నా వెడల్పాటి విస్తరేసి, "తిను, నువ్వు తింటంటే సూడాల" అనేది. అలా ఎన్ని పూటలు నా కడుపు నింపిందో! ఉపమాక మాత్రం వెళ్లనేలేదు.

మంగళవారం పొద్దున్న పాడె ఎత్తారు. గడప దగ్గర మోసేవాళ్లు ఆగిపోయారు. ఎవరూ ఆగమనలేదు. ఆవిడ అలవాటు మా వీధిలో అందరికీ తెలుసు. మా ఆయన నా వంక చూశాడు. నేను లోపలికి తిరిగాను.

"అప్ప ఎల్తంది" అన్నాను. "అడగట్నేదు, సెప్తన్నాను."

మూలనున్న ఎండు అడ్డాకులు గలగలమన్నాయి. ఆ గదిలో ఫ్యాన్ లేదు, బయట గాలి లేదు. మావాళ్లు గడప దాటేశారు.

ఆవిడ సామానంతా నిన్ననే తీసేశాం. లోపల ఒక్క చెంబు కూడా లేదు. ఇవాళ పొద్దున్న ముగ్గు వేస్తుంటే ఆ గదిలోంచి చప్పుడు. గిన్నెల మూతలు తీస్తున్నారు, పెడుతున్నారు, ఇంకోటి తీస్తున్నారు.

తెర తొలగించి చూడలేదు నేను.

"ఎతుక్కోండి" అన్నాను బయట్నించే. "సెప్పీ మనిసి ఎల్లిపోయింది."

చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.