పెద్దమ్మ పట్టిన తప్పు

నేను రాసిన ఒకే ఒక్క నవల చోడవరంలో ఉండే మా పెద్దమ్మ కథ. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అందులో జ్వరంతో స్పృహ లేకుండా పడున్న తల్లి బొటనవేలికి ఇంకు రాసి, కన్నకొడుకులే పొలం కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. పెద్దమ్మ కొడుకులు, అంటే మా అన్నయ్యలు, చేశారని బంధువులు గుసగుసలాడుకున్న పనే అది. పుస్తకం చదివిన విశాఖపట్నం స్నేహితులు రెండ్రోజులు అన్నం సయించలేదన్నారు. నేను పొంగిపోయాను. పరాయివాళ్ళ తిండి చెడగొట్టి సంతోషించే వృత్తి మాది.

పెద్దమ్మకు చదువు రాదు. ఆ ధైర్యంతోనే రాశాను. అయినా జాగ్రత్తపడ్డాను. చెరకు తోటను మామిడి తోట చేశాను, ఇద్దరు కొడుకులను ముగ్గురు చేశాను, ఊరిని ఏకంగా గోదావరి దాటించేశాను.

అంతలో పెద్దమ్మకు కంటి ఆపరేషన్ అయిందంటే చూడ్డానికి వెళ్ళాను. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద విసుగ్గా కూర్చుని ఉంది. డాక్టరు టీవీ చూడొద్దన్నాడట.

"ఒసే, నువ్వేదో బుక్కు రాసేవంట కదా. సదువు, ఇంటాను."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎప్పటిలాగే ఒక కాపీ నా సంచిలోనే ఉంది. మాట మారుద్దామని తెచ్చిన మాడుగుల హల్వా విప్పి చేతిలో పెట్టాను. అది నములుతూనే "ఊఁ, సదువు" అంది.

మొదటి రోజు బాగానే నడిచింది. కథలో కోడలు వచ్చినప్పుడల్లా "దీని నోట్లో మన్నడిపోను" అని తిట్టింది. వంటింట్లో ఉన్న అసలు కోడలు, అంటే మా పెద్దొదిన, గిన్నెలు ఠంగుఠంగున పెట్టింది. తల్లి గంజి తాగే చోట పెద్దమ్మకు నా మీదే కోపం వచ్చింది.

"ఒట్టి గంజేటే? ఓ ఉల్లిపాయైనా ఎయ్యలేకపోయేవా? నీ సొమ్మేటి పోయింది?"

అప్పటికప్పుడు ఒక ఉల్లిపాయ చేర్చి ఆ పేజీ మళ్ళీ చదివాను.

రెండో రోజు వేలిముద్ర ఘట్టం వచ్చింది. గప్‌చుప్‌గా నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేశాను.

"ఏటే, ఇప్పుడే కదా జొరమొచ్చింది, అప్పుడే సచ్చిపోయిందేటి? మద్దినేటయింది?"

అద్దాలు ఆమె కళ్ళకే గాని చెవులకు లేవు కదా. వెనక్కి తిప్పి చదివాను. కొడుకులు చెయ్యి ఎత్తడం, ఇంకు రాయడం, కాగితం మీద నొక్కడం, అంతా చదివాను. పెద్దమ్మ హల్వా నమలడం ఆపేసింది.

"అంతా బానే ఉంది గానీ, ఆ మూడోవోడు ఎవడే? ఆడ్ని నానెప్పుడు కన్నానే?"

పుస్తకం చేతిలోంచి జారిపోయింది. "తప్పయిపోయింది పెద్దమ్మా" అని ఆమె కాళ్ళు పట్టుకున్నాను. సిగ్గుతో నిజంగానే ఏడుపొచ్చింది.

"లెగవే. మూడోవోడుంటే ఉండనీ. అసలు తప్పు ఇంకోటుంది."

తన కుడిచేతి బొటనవేలు నా మొహం ముందు పెట్టింది. ఏళ్ళ తరబడి చెరకు కొట్టి కొట్టి అరిగి నున్నగా అయిపోయిన వేలు. పింఛను ఇచ్చేవాళ్ళ మిషన్ మీద కూడా దాని ముద్ర పడదు.

"సూడు. ఈ ఏలు నానే గట్టిగా అదిమితే గానీ పడదు. ఆళ్ళు పట్టుకుని నొక్కితే ఏటి పడతాది, మసి మరక పడతాది. ఆరోజు నాకు తెలివుందే."

"మరి కళ్ళెందుకు తెరవలేదు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పెద్దమ్మ గొంతు తగ్గించింది.

"తెరిస్తే ఆళ్ళు మొకాలెక్కడ ఎట్టుకుంటారే, ఎర్రిదానా? అందుకే కళ్ళు మూసుకుని నానే అదిమేను."