మెల్లగా పిలిస్తేనే

మా అమ్మాయి పీలమేడు కాలేజీలో అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ చదువుతోంది. మనుషుల అలవాట్లు మార్చే చదువట. ఇంట్లో ఒకరి అలవాటు మార్చి చూపించమన్నారు. మా ఆయన కాఫీ కూడా అరిచే అడుగుతారు. ఆయన్నే ఎంచుకుంది.

"అమ్మా, నాయన అరిస్తే పోవద్దు. మెల్లగా పిలిస్తేనే పో."

ఆ వారమే మా ఆడబిడ్డ కూతురి పెళ్లి. మేనమామగా ఆయన పీటల దగ్గర ఉండాలి. పెళ్లి రోజు తెల్లారే స్నానానికి వెళ్లి, లోపలినుంచి అరవసాగారు. నేను కదల్లేదు. తలుపు దబదబా బాదారు. పూలు కట్టుకుంటూ కూర్చున్నాను. చాలాసేపటికి సన్నగా వినిపించింది: "సరసా, నా కణ్ణూ... గడియ ఇరుక్కునిందే, కొంచెం రావా?"

వడ్రంగి వచ్చి తలుపు విప్పి, మేము మండపం చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది. ఆడబిడ్డ ముఖం తిప్పుకుంది. అమ్మాయికి మంచి మార్కులొచ్చాయి.

ఇప్పుడు ఆయన కాఫీకి కూడా మెల్లగానే పిలుస్తున్నారు. ఆ గొంతు వింటే చాలు, ఎక్కడ ఇరుక్కుపోయారోనని పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెడుతున్నాను.